లెక్క సరే, లోకం ఏమంటుంది?

భాస్కరాచార్యుడి బీజగణితంలో ఒక కోతుల లెక్క ఉంది. మందలో అయిదో వంతు తీసుకుని, అందులోంచి మూడు తగ్గించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఎంతో అన్ని కోతులు గుహలోకి దూరాయి. ఒక్కటి మాత్రం కొమ్మ మీద కనిపిస్తోంది. మంద మొత్తం ఎంత? వర్గ సమీకరణం కాబట్టి రెండు జవాబులొస్తాయి: 50, 5. యాభైలో అయిదో వంతు పది, మూడు పోతే ఏడు, దాని వర్గం నలభై తొమ్మిది, కొమ్మ మీది దానితో కలిపి యాభై. అయిదుకైతే అయిదో వంతు ఒకటి, మూడు పోతే మైనస్ రెండు, దాని వర్గం నాలుగు, మరొకటి కలిపితే అయిదు. లెక్కగా చూస్తే రెండూ ఒప్పే. భాస్కరుడు మాత్రం రెండోదాన్ని తోసిపుచ్చాడు. మైనస్ రెండు కోతులంటే జనం ఒప్పుకోరన్నది ఆయన చెప్పిన కారణం.

అది 12వ శతాబ్దం. 1928లో పాల్ డిరాక్‌కు ఇలాంటి చిక్కే వచ్చింది. ఎలక్ట్రాన్ కోసం సాపేక్ష సిద్ధాంతానికి లోబడి ఆయన రాసిన సమీకరణం ధన శక్తి ఉన్న జవాబులతో పాటు రుణ శక్తి ఉన్న జవాబులూ ఇచ్చింది. డిరాక్ వాటిని కొట్టెయ్యలేదు. మొదట ప్రోటాన్లతో ముడిపెట్టబోయాడు, కుదరలేదు. 1931లో, ఎలక్ట్రాన్ అంత ద్రవ్యరాశీ దానికి వ్యతిరేక ఆవేశమూ ఉన్న కొత్త కణం ఉండాలని ప్రకటించాడు. మరుసటి ఏడాది అమెరికాలో కార్ల్ ఆండర్సన్ క్లౌడ్ చాంబర్‌లో తీసిన ఫొటోలో ఆ కణం జాడ దొరికింది. దాని పేరే పాజిట్రాన్.

జవాబును కొట్టేసిన భాస్కరుడిదీ ఒప్పే, కొట్టెయ్యని డిరాక్‌దీ ఒప్పే. ఏ జవాబు లోకానికి చెందినదో, ఏది కాగితానికే పరిమితమో సమీకరణం తనంతట తాను చెప్పదు. సంఖ్యలు ప్రకృతిలో ఉన్నవా, మనం అల్లుకుని ప్రకృతికి తొడిగినవా అన్న పాత వాదమంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ప్రశ్నను గంపగుత్తగా అడిగితే ఎన్నటికీ తెగదు. ఒక్కో సంఖ్యావ్యవస్థను విడిగా తీసుకుని, అందులో కూడటం, వరుసపెట్టడం, గుణించడం లాంటి ఒక్కో పనికి లోకంలో జోడు ఉందా అని చూస్తే చాలావరకు తెగుతుంది. ఈ సమీక్ష ఆ దారిలోనే నడుస్తుంది.

ఒకటీ ఒకటీ కలిస్తే

లెక్కపెట్టడానికి వాడే సంఖ్యల మీద ఎవరికీ అనుమానం ఉండదు. పూర్ణసంఖ్యలు దైవదత్తం, మిగిలినవన్నీ మనిషి కల్పన అని 19వ శతాబ్దపు జర్మన్ గణితవేత్త క్రోనెకర్ అభిప్రాయం. అయితే 50 మిల్లీలీటర్ల నీళ్లలో 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్ పోస్తే 100 రాదు, 96, 97 దగ్గర ఆగుతుంది. అణువులు ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకోవడమే కారణం. కేంద్రకం లోపలికి వెళ్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రోటాన్ ద్రవ్యరాశి 1.007276 పరమాణు ప్రమాణాలు, న్యూట్రాన్‌ది 1.008665. రెండూ కూడితే 2.015941. ఆ రెండూ కలిసి ఏర్పడే డ్యుటెరాన్‌ను తూస్తే 2.013553 మాత్రమే. తేడా బంధన శక్తిగా బయటికి పోయింది. వేగాల సంగతీ అంతే. కాంతి వేగంలో 0.6 వంతుతో వెళ్లే నౌక నుంచి అదే దిశలో, నౌకకు సాపేక్షంగా 0.6 వంతు వేగంతో ఒక వస్తువును వదిలితే, బయటివాళ్లకు దాని వేగం 1.2 కాదు, సుమారు 0.88.

వీటివల్ల ఒకటీ ఒకటీ రెండు అన్నది అబద్ధమైపోదు. నీళ్లూ ఆల్కహాలూ కలపడం, కణాలు అతుక్కోవడం, వేగం మీద వేగం చేరడం అనే పనులకు కూడిక గుర్తు సరిపోలేదు, అంతే. ఈ తేడాను 1887లో హెల్మ్‌హోల్ట్జ్ లెక్కింపు, కొలత గురించి రాసిన వ్యాసంలో విడమరిచాడు. ఏ భౌతిక కలయికను కూడిక అనవచ్చో ప్రయోగం తేల్చాలి. కడ్డీలను కొసకు కొస ఆనించి పెడితే పొడవులు కూడుకుంటాయి. త్రాసు పళ్లెంలో రాళ్లు పెడితే బరువులు కూడుకుంటాయి. 40 డిగ్రీల నీళ్లలో 40 డిగ్రీల నీళ్లు పోస్తే 80 డిగ్రీలు కావు.

లెక్కపెట్టడం అనే పని కూడా అనుకున్నంత అమాయకమైనది కాదని తేల్చినవాడు సత్యేంద్రనాథ్ బోస్. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఆయన ఒక చిన్న పత్రం రాసి ఐన్‌స్టీన్‌కు పంపాడు. రెండు కణాలను రెండు గదుల్లో పెట్టే విధానాలు ఎన్ని? మామూలు లెక్కలో నాలుగు: రెండూ ఎడమ గదిలో, రెండూ కుడి గదిలో, మొదటిది ఎడమన రెండోది కుడిన, మళ్లీ దీనికి తారుమారు. బోస్ చివరి రెండింటినీ ఒకటిగానే లెక్కేశాడు. కాంతి కణాలకు ఇది మొదటిది, అది రెండోది అన్న గుర్తే లేదు కాబట్టి విధానాలు మూడే. అలా లెక్కేస్తేనే వేడి వస్తువు వెలువరించే కాంతిని వర్ణించే ప్లాంక్ సూత్రం సరిగ్గా వచ్చింది. ఐన్‌స్టీన్ ఆ పత్రాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. ఆ లెక్కింపు ప్రకారమే ఉండాల్సిన కొత్త పదార్థస్థితిని 1995లో అమెరికాలో రుబీడియం పరమాణువులతో తయారుచేసి చూపించారు. ఇలాంటి కణాలు ఎన్ని ఉన్నాయో చెప్పగలం, ఏది ఎన్నోదో చెప్పలేం. రెండు, మూడు అనే లెక్క వర్తిస్తుంది. రెండోది, మూడోది అనే వరుస వర్తించదు. ఒకే సంఖ్యావ్యవస్థలో సగం పనికొచ్చింది, సగం రాలేదు.

అలాగని పూర్ణసంఖ్యలన్నీ మన అలవాటే అని తేల్చేయడానికీ వీల్లేదు. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ బలమైన అయస్కాంత క్షేత్రంలో, అతి శీతల స్థితిలో ఒక సిలికాన్ పరికరం విద్యుత్ నిరోధాన్ని కొలిచాడు. ఆ విలువ నున్నగా మారకుండా మెట్లుమెట్లుగా వచ్చింది. ఒక్కో మెట్టు 25,812.807 ఓమ్‌లను 1తో, 2తో, 3తో, 4తో భాగిస్తే వచ్చే విలువ. పరికరం ఆకారం ఏదైనా, లోపల మలినాలు కొద్దిగా ఉన్నా ఆ అంకె చెదరలేదు. రెండేళ్లకు సుయి, స్టోర్మర్ మూడో వంతు దగ్గర మరో మెట్టును కనుక్కున్నారు. ఇక్కడ 1, 2, 3లను పరికరానికి ఎవరూ నేర్పలేదు.

రుణం ఎప్పుడు నిజం?

628లో బ్రహ్మగుప్తుడు ధనం, రుణం, శూన్యాలకు కూడిక, తీసివేత, గుణకార నియమాలు క్రమంగా రాశాడు. ఆస్తి, అప్పు అన్న ఊహే వాటికి ఆధారం. అప్పు మనుషుల మధ్య ఒప్పందం. భౌతిక ప్రపంచంలో రుణసంఖ్యకు జోడు ఏది?

ఇంటర్ పుస్తకాల తరహా లెక్క ఒకటి తీసుకుందాం. 15 మీటర్ల ఎత్తున్న బాల్కనీ నుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో బంతిని పైకి విసిరాం. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే అది నేలను తాకే సమయం ఎంత? సమీకరణం 3, మైనస్ 1 అని రెండు జవాబులిస్తుంది. పరీక్షలో మైనస్ ఒకటిని కొట్టేసి 3 సెకన్లని రాస్తాం. కొట్టేసినదానికీ అర్థం ఉంది. మనం విసరడానికి సరిగ్గా ఒక సెకను ముందు, బాల్కనీ కింద నేల మీద నుంచి ఎవరైనా 20 మీటర్ల వేగంతో బంతిని పైకి విసిరి ఉంటే, అది ఈ క్షణానికి బాల్కనీ దగ్గర 10 మీటర్ల వేగంతోనే ఉండేది. చలన నియమానికి బంతి ఎక్కడి నుంచి బయల్దేరిందో తెలియదు, తెలిసింది మనకు. మైనస్ జవాబును కొట్టేసింది ఆ తెలిసిన సంగతి.

విద్యుదావేశంలో మైనస్ గుర్తు ఇంకా గట్టిగా నిలబడుతుంది. ఆవేశాలకు ప్లస్, మైనస్ పేర్లు 1740ల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టాడు. ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది ఆయన ఇష్టానికి జరిగింది. రెండూ తారుమారు చేసినా ప్రకృతికి పట్టింపు లేదు. అయితే రెండు రకాలు ఉండటం, సమానంగా కలిస్తే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం మన ఇష్టం మీద లేవు. గుర్తు మనది, రద్దు ప్రకృతిది.

ఉష్ణోగ్రత విషయంలో కథ తిరగబడుతుంది. సెల్సియస్‌లో మైనస్ 10 అనడంలో విశేషం లేదు, సున్నాను నీరు గడ్డకట్టే చోట పెట్టుకున్నాం కాబట్టి వచ్చింది. కెల్విన్‌లో సున్నా కంటే తక్కువ ఉండదని చదువుకున్నాం. 1951లో పర్సెల్, పౌండ్ లిథియం ఫ్లోరైడ్ స్ఫటికంలోని కేంద్రక స్పిన్‌లను కెల్విన్ మానంలో రుణ ఉష్ణోగ్రతకు చేర్చారు. 2013లో మ్యూనిక్‌లో పొటాషియం పరమాణువులతోనూ సాధించారు. శక్తికి పై హద్దు ఉన్న వ్యవస్థలో ఎక్కువ కణాలు కింది మెట్లలో కాక పై మెట్లలో చేరితే సమీకరణం మైనస్ విలువ ఇస్తుంది. తమాషా ఏమిటంటే, అలాంటి వ్యవస్థ చల్లనిది కాదు. ఎంత వేడి వస్తువును తాకించినా వేడి దీని నుంచి దానికే ప్రవహిస్తుంది. మైనస్ గుర్తు లోకంతో కుదిరింది, సంఖ్యారేఖ మీద మైనస్‌లు సున్నాకు ఎడమన, తక్కువగా ఉంటాయన్న వరుస కుదరలేదు.

దశాంశం తర్వాత ఎన్ని అంకెలు?

వాస్తవ సంఖ్యల దగ్గర వాదం ముదురుతుంది. చతురస్రం భుజం 1 అయితే కర్ణం రెండుకు వర్గమూలం. ఏ భిన్నంతోనూ దాన్ని కచ్చితంగా రాయలేం, అలాంటివే కరణీయ సంఖ్యలు. యజ్ఞవేదికల కొలతల కోసం శుల్బసూత్రాలు ఇచ్చిన విలువ 577ను 408తో భాగించినదానికి సమానం. ఒక మీటరు భుజానికి దీనివల్ల కర్ణంలో వచ్చే తప్పు దాదాపు రెండు మైక్రాన్లు, వెంట్రుక మందంలో అతి చిన్న వంతు. ఇటుకలు పేర్చేవాడికి కరణీయ సంఖ్య అక్కర్లేకపోయింది. అవసరం తర్కానిది.

ఆ తర్కం చాలా దూరం వెళ్లింది. 1874లో జార్జ్ కాంటర్ వాస్తవ సంఖ్యలను ఒకటి, రెండు, మూడు అని జాబితాగా రాయడం అసాధ్యమని నిరూపించాడు. 1936లో అలన్ ట్యూరింగ్ పని మరో మెట్టు ఎక్కించింది. ఏ కంప్యూటర్ ప్రోగ్రామూ అంకెలవారీగా పుట్టించలేని సంఖ్యలే వాస్తవ సంఖ్యల్లో దాదాపు అన్నీ. మనం పేరు పెట్టి పిలిచే పై, రెండుకు వర్గమూలం లాంటివి ఆ సముద్రంలో చుక్కలు. ఎవరూ రాయలేని, ఎవరూ కొలవలేని ఈ సంఖ్యలకు ప్రకృతిలో చోటుందా?

కొలతల సంగతి చూద్దాం. ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం మనిషి అత్యంత నిశితంగా కొలిచిన రాశుల్లో ఒకటి. 2023లో ప్రకటించిన విలువ 1.00115965218059. ఇక్కడ చివరి అంకెల్లోనే సందేహం మొదలవుతుంది. గ్రహాంతర నౌకలకు దారి చూపడానికి నాసా శాస్త్రవేత్తలు పై విలువను 15 దశాంశ స్థానాల వరకే వాడతారు. కనిపించే విశ్వమంతటి వృత్తం చుట్టుకొలతను హైడ్రోజన్ పరమాణువు వెడల్పు తేడాతో లెక్కకట్టడానికి దాదాపు 40 అంకెలు చాలు. 2022లో పై విలువను కోటి కోట్ల అంకెల వరకు లెక్కించారు. ఆ 40 దాటిన అంకెలు గణితానికి నిజం. ఏ భౌతిక వస్తువూ వాటికి సాక్ష్యం చెప్పలేదు.

అయితే వదిలేసిన అంకెలు ఊరికే ఉండవని 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్‌కు తెలిసివచ్చింది. కంప్యూటర్‌లో నడుస్తున్న నమూనాను మధ్యలోంచి తిరిగి మొదలుపెట్టడానికి ఆయన 0.506127 బదులు అచ్చులో ఉన్న 0.506ను ఎక్కించాడు. కాసేపు పాత ఫలితంతో కలిసి నడిచిన గీత, తర్వాత దారి తప్పి పూర్తిగా వేరే వాతావరణాన్ని చూపింది. దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ప్రతి అంకెకూ భౌతిక ఫలితం ఉంది కాబట్టి అనంతమైన అంకెలూ నిజమే అనవచ్చు. జెనీవా భౌతికశాస్త్రవేత్త నికొలస్ గిసిన్ దీనికి సరిగ్గా ఎదురు వాదిస్తారు. పరిమితమైన చోటులో అనంతమైన సమాచారం పట్టదు, కాబట్టి దూరపు అంకెలు ముందే రాసిపెట్టి లేవు, కాలం గడిచేకొద్దీ ఏర్పడతాయి అన్నది ఆయన మాట. ఇప్పటివరకు ఏ ప్రయోగమూ ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పలేదు.

స్థలం కూడా మెట్లుమెట్లుగా ఉందేమో అన్న అనుమానం పాతదే. ఉంటే ఆ మెట్టు ప్లాంక్ పొడవు దగ్గర ఉంటుందని అంచనా. మీటరును పదితో వరసగా 35 సార్లు భాగిస్తే దొరికేంత చిన్నది. అంత చిన్నదాన్ని పరీక్షించేదెలా? 2009 మే 10న ఫెర్మీ ఉపగ్రహం 700 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా ప్రయాణించి వచ్చిన ఒక గామా విస్ఫోటాన్ని పట్టింది. స్థలం గరుకుగా ఉంటే, కొన్ని సిద్ధాంతాల ప్రకారం, ఎక్కువ శక్తి ఉన్న కిరణం కాస్త వెనకబడాలి. అన్నింటికన్నా శక్తిమంతమైన కణం మిగతావాటి తర్వాత ఒక సెకను లోపే వచ్చేసింది. దాంతో ఆ సిద్ధాంతాల్లో సూటిగా ఉన్న రకానికి దారి మూసుకుపోయింది. స్థలం నిరంతరమని రుజువు కాలేదు. ఒక రకపు గరుకుదనం లేదని మాత్రం తేలింది.

నిరంతర రేఖను అక్షరాలా నమ్మితే ఏమవుతుందో 1924లో బనాక్, టార్‌స్కీ చూపించారు. వాళ్ల సిద్ధాంతం ప్రకారం గట్టి గోళాన్ని కొన్ని ముక్కలు చేసి (అయిదు చాలు), వాటిని తిప్పి, జరిపి, మొదటిదానంతే ఉన్న రెండు గోళాలుగా పేర్చవచ్చు. బంగారపు గుండుతో ఈ పని కుదిరితే కంసాలి వీధి మూతపడేది. బంగారం పరమాణువుల కూర్పు, ఆ ముక్కలు బిందువుల గుంపులు. నిరంతర రేఖలో లోకానికి అక్కర్లేని సరుకు చాలా ఉందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అనంతం ప్రకృతిలో ఎక్కడా దొరకదని మరుసటి ఏడాదే గణితవేత్త హిల్బర్ట్ ఒక ఉపన్యాసంలో అన్నాడు. కాంటర్ తెరిచిన అనంతాల లోకాన్ని గణితంలో గట్టిగా సమర్థించినవాడూ ఆయనే.

మైనస్ ఒకటికి వర్గమూలం

9వ శతాబ్దపు మహావీరాచార్యుడు తన గణిత గ్రంథంలో రుణసంఖ్యకు వర్గమూలం ఉండదని తేల్చేశాడు. ఏ సంఖ్యను వర్గం చేసినా రుణం రాదు కదా అని. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. 1545లో ఇటలీలో కార్డానో పదిని రెండు భాగాలు చేసి వాటి లబ్ధం నలభై రావాలన్న లెక్క వేశాడు. మైనస్ 15కు వర్గమూలాన్ని అయిదుకు ఒకసారి కలిపి, ఒకసారి తీసేస్తే జవాబు కుదిరింది. కుదిరినా అది పనికిరాని సూక్ష్మమేనని వదిలేశాడు. 1572లో బోంబెల్లి వదల్లేదు. ఒక ఘన సమీకరణానికి జవాబు 4 అని చూడగానే తెలుస్తుంది, అయితే సూత్రం మాత్రం మైనస్ 121కి వర్గమూలం మీదుగా వెళ్తుంది. భయపడకుండా ఆ దారిలో నడిస్తే చివరికి వర్గమూలాలు రద్దయి 4 వస్తుందని ఆయన చూపించాడు. 1799 నుంచి 1831 మధ్య వెసెల్, ఆర్గాండ్, గౌస్‌ల చేతుల్లో ఈ సంకీర్ణ సంఖ్యలకు తలం మీద చోటు దొరికింది. మైనస్ ఒకటి వర్గమూలాన్ని ఐ అంటారు. ఐతో గుణించడమంటే 90 డిగ్రీలు తిరగడం. రెండుసార్లు తిరిగితే ముఖం వెనక్కి తిరుగుతుంది, అదే మైనస్ ఒకటి. తిరగడంలో వింతేమీ లేదు.

1893లో స్టైన్‌మెట్జ్ వీటిని ఏసీ కరెంటు లెక్కల్లోకి తెచ్చాడు. మోటారులో కరెంటు వోల్టేజీ కంటే కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటును సంకీర్ణ సంఖ్యలోని కల్పిత భాగంగా రాస్తారు. వ్యవసాయ మోటార్లకు కెపాసిటర్లు బిగించుకోమని మన విద్యుత్ సంస్థలు రైతులకు చెప్పేది ఆ భాగాన్ని తగ్గించడానికే. తగ్గించకపోతే లైన్లలో అదనపు కరెంటు పారి తీగలు వేడెక్కుతాయి. ఇక్కడ ఐ సౌకర్యం మాత్రమే, సైన్, కొసైన్‌లతోనూ ఇదే లెక్క చేసుకోవచ్చు. తీగ వేడి మాత్రం ఎలా లెక్కేసినా తగ్గదు.

క్వాంటం సిద్ధాంతంలో ఐ సౌకర్యమేనా, తప్పనిసరా? 1926లో తన సమీకరణంలో ఐ రావడం శ్రోడింగర్‌కే నచ్చలేదు, ఆ అసంతృప్తిని భౌతికశాస్త్రవేత్త లోరెంట్జ్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. 1960లో స్టూకెల్‌బర్గ్ అదనపు నియమం ఒకటి పెట్టుకుని వాస్తవ సంఖ్యలతోనే సిద్ధాంతాన్ని రాయవచ్చని చూపించాడు. అరవై ఏళ్ల పాటు ఇది అభిరుచి తగాదాగానే మిగిలింది. 2021 డిసెంబరులో నేచర్ పత్రికలో ఒక బృందం దీన్ని ప్రయోగశాలకు లాగింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల నుంచి కణాల జంటలు బయల్దేరతాయి. మూడు కేంద్రాలు వాటిని అందుకుంటాయి, మధ్య కేంద్రానికి రెండు జంటల నుంచీ ఒక్కో కణం చేరుతుంది. మూడు చోట్ల ఫలితాల మధ్య పొంతనను ఒక అంకెగా కట్టారు. వాస్తవ సంఖ్యల సిద్ధాంతంలో అది 7.66 దాటదు. సంకీర్ణ సంఖ్యల సిద్ధాంతంలో 8.49 దాకా పోవచ్చు. 2022లో చైనా శాస్త్రవేత్తలు సూపర్‌కండక్టింగ్ క్విబిట్‌లతో చేసిన ప్రయోగంలో 8.09 వచ్చింది.

కల్పిత సంఖ్యలు నిజమని తేలిపోయిందని అప్పట్లో శీర్షికలొచ్చాయి. 2025లో రెండు బృందాలు విడివిడిగా ఆ ఉత్సాహానికి కళ్లెం వేశాయి. రెండు స్వతంత్ర వ్యవస్థలను కలిపి ఒకటిగా రాసే నియమాన్ని మారిస్తే, వాస్తవ సంఖ్యలతోనూ 8.49 సాధ్యమేనని చూపాయి. అంటే ఓడిపోయింది ఒక జట్టు: వాస్తవ సంఖ్యలూ, మామూలు కలయిక నియమమూ కలిసి ఉన్న జట్టు. నియమాన్ని మార్చుకుంటే సంఖ్యలు బతికిపోతాయి. హెల్మ్‌హోల్ట్జ్ కూడిక గురించి చెప్పిన మాటే ఇక్కడ కలయిక నియమం రూపంలో మళ్లీ ఎదురైంది. పరీక్షకు నిలిచేది ఒంటరి సంఖ్య కాదు, దానితో మనం చేసే పని.

చోటు దొరికినవీ, దొరకనివీ

1843లో హామిల్టన్ నాలుగు భాగాల సంఖ్యలు, క్వాటర్నియన్లు, కనిపెట్టాడు. వాటిలో ఏది ముందు గుణించామన్నది ముఖ్యం. అట్ట పుస్తకాన్ని ముందుకు ఒకసారి, పక్కకు ఒకసారి తిప్పి, మళ్లీ వరస మార్చి తిప్పితే వేర్వేరు స్థితులు వస్తాయి, కాబట్టి తిప్పడానికి ఈ సంఖ్యలు అతికినట్టు సరిపోతాయి. ఉపగ్రహాల దిశను లెక్కించడానికీ, వీడియో గేముల్లోనూ వాడుతున్నారు. ఎనిమిది భాగాల ఆక్టోనియన్లను క్వార్కులకు ముడిపెట్టాలని 1973 నుంచి ప్రయత్నాలున్నాయి, ప్రయోగం ఇంకా ఆమోదించలేదు. 1897లో హెన్సెల్ తెచ్చిన పి-ఆడిక్ సంఖ్యల్లో దగ్గర, దూరం అన్న భావమే వేరు. అయిదుకు సంబంధించిన రకంలో 5, 25, 125 అని పెరిగేకొద్దీ సున్నాకు దగ్గరవుతాయి. 1987 నుంచి వీటిని స్ట్రింగ్ సిద్ధాంతంలో వాడి చూస్తున్నారు. గణితంగా ఇవి వాస్తవ సంఖ్యలకు ఏ మాత్రం తీసిపోవు. లోకంలో మాత్రం ఇంకా ఉద్యోగం దొరకలేదు.

పక్షాలు

ఈ సాక్ష్యాన్నంతా పెట్టుకుని తాత్వికులు, శాస్త్రవేత్తలు మూడు పక్షాలుగా చీలారు. ఒక కొసన ప్లేటో వారసులు. వాళ్లలో అందరికన్నా ముందుకు వెళ్లిన మాక్స్ టెగ్‌మార్క్, విశ్వం గణితంతో వర్ణించబడేది కాదు, విశ్వమే గణితం అంటారు. అదే నిజమైతే లోకంలో చోటు దొరకని ఆక్టోనియన్లకు, బనాక్, టార్‌స్కీ ముక్కలకు ఎక్కడో మరో విశ్వం చూపాల్సి వస్తుంది. ఆయన చూపిస్తారు కూడా, పరీక్షించే దారి మాత్రం చూపలేదు. రెండో కొసన హార్ట్రీ ఫీల్డ్. 1980లో న్యూటన్ గురుత్వ సిద్ధాంతాన్ని సంఖ్యలే లేకుండా, బిందువుల మధ్య సంబంధాలతో రాసి చూపించాడు. సంఖ్యలు సౌకర్యమే అన్నది ఆయన తీర్మానం. క్వాంటం సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకునేలా అలా రాయడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. నడుమ యూజీన్ విగ్నర్. భౌతిక అవసరం లేకుండా పుట్టిన గణితం తర్వాత భౌతికశాస్త్రానికి ఇంతగా ఎలా సరిపోతుందని 1960లో ఆశ్చర్యపోయాడు, సమాధానం లేదని ఒప్పుకున్నాడు.

విగ్నర్ ఆశ్చర్యంలో నిజముంది, సగం. సరిపోయినవి గుర్తుంటాయి, సరిపోనివి మరుగున పడతాయి. 1596లో కెప్లర్ ఆరు గ్రహాల దూరాలను అయిదు క్రమ ఘనాలతో వివరించాడు. 1781లో ఏడో గ్రహం యురేనస్ దొరికేసరికి ఆ అందమైన లెక్కకు కాళ్లు విరిగాయి. విద్యుదయస్కాంత బలాన్ని సూచించే సంఖ్యను తలకిందులు చేస్తే సరిగ్గా 136 రావాలని ఎడింగ్‌టన్ శుద్ధ గణితంతో రుజువు చేశాడు. కొలతలు 137 వైపు జరిగాయి. ఆయన రుజువూ 137కు జరిగింది. ఇవాళ ఆ విలువ 137.036. పూర్ణసంఖ్యే కాదు.

ఏది తేలింది

సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే మూడు సంగతులు నిలబడతాయి. మొదటిది, ఏ సంఖ్యావ్యవస్థా మొత్తంగా ప్రకృతికి ప్రతిబింబం కాదు. బోస్ కణాలకు లెక్క ఉంది, వరుస లేదు. రుణ ఉష్ణోగ్రతకు గుర్తు ఉంది, క్రమం లేదు. వాస్తవ రేఖకు నునుపు ఉంది, దానితో పాటు ఎవరికీ అక్కర్లేని అనంత అంకెలూ ఉన్నాయి. రెండోది, అలాగని సంఖ్యలు వట్టి ఊహలూ కావు. క్లిట్జింగ్ మెట్లు, ఆవేశాల రద్దు, డిరాక్ కొట్టెయ్యని జవాబు మనం ఇష్టపడి పెట్టుకున్నవి కావు. మూడోది, ఏ పనికి జోడు ఉంది, ఏ పనికి లేదు అన్నది గణితం ముందుగా చెప్పలేదు. కొలిచి చూడాల్సిందే.

ఈ జాగ్రత్త భౌతికశాస్త్రానికే పరిమితం కాదు. 1946లో స్టీవెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొలమానాలను నాలుగు రకాలుగా విడదీశాడు: పేరుకు మాత్రమే అంకె ఉన్నవి, వరుస చెప్పేవి, తేడా చెప్పేవి, నిష్పత్తి చెప్పేవి. బస్సు నంబర్లను కూడితే అర్థం లేదు. నీట్ ర్యాంకు వరుస చెబుతుంది, 100కూ 200కూ మధ్య ఉన్న మార్కుల తేడా, 10,100కూ 10,200కూ మధ్య ఉండదు. 40 డిగ్రీల ఎండ 20 డిగ్రీల ఎండకు రెట్టింపు కాదు. భూకంపం తీవ్రత 6 నుంచి 7కు పెరిగితే వెలువడే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. ఇవన్నీ అంకెలే, కాని ప్రతి అంకెతోనూ ప్రతి లెక్కా చెయ్యకూడదు. సగటు ర్యాంకులు, తృప్తి సూచీలు, రెట్టింపయ్యామని చెప్పే ప్రకటనలు రోజూ మన ముందుకొస్తూనే ఉంటాయి. అంకె కనపడగానే నమ్మడమో, కొట్టిపారేయడమో కాక, దీన్ని కూడవచ్చా, పోల్చవచ్చా, రెట్టింపు అనవచ్చా అని అడగండి. చెప్పినవాళ్ల దగ్గర జవాబు లేకపోతే ఆ లెక్కను ఒప్పుకోకండి.